ధాత కఱవును సముద్రమును

వాన కురియని యేట దోషము నొకరిపై మోపుట మన దేశమున ప్రాచీనమైన యలవాటు. ఒకచో వితంతువు నడవడి, మఱొకచో అంత్యజుని గుడిప్రవేశము కారణమనిరి. కప్పలకు పెండ్లి చేసి మేఘముల నాహ్వానించిన గ్రామములును కలవు. దోషము నిజముగా నెక్కడ నున్నదో విచారింతము.

అగళి పడమటి కనుమల వానచాటున నున్న సీమలోనిది. అనంతపురప్రాంతమున సాలుకు సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇందు పెద్దభాగము నైరృతి పవనము తెచ్చును. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు కురియు ఈశాన్యపు వాన కొలతకు తక్కువయైనను, చెఱువులు నిండుటకును, బావులలో నీరూరుటకును, వెనుక విత్తిన యులవలు పండుటకును అదియే దిక్కు.

1876వ సంవత్సరమున, అనగా ధాత నామ సంవత్సరమున, ఈ రెండు వానలును తప్పెను. మడకశిర తాలూకా నాడు బళ్లారి జిల్లాలోనిది. అనంతపురము వేఱు జిల్లా యైనది 1882లో. మఱుసటి యేడు పసిఫిక్కు మహాసముద్రపు మధ్య, తూర్పు భాగములు మిక్కిలి వేడెక్కెను. పెరూ జాలరులు దీనికే బాలుడని యర్థమిచ్చు 'ఎల్ నినో' యను పేరిడిరి. ఆ యేడును నైరృతి కుంటువడెను. కడపట శరత్కాలమున గాని వానలు తిరిగి రాలేదు. ఇంతలో ధాన్యము చెన్నపట్టణపు రేవునుండి యెగుమతి యగుచునే యుండెను. సర్ రిచర్డు టెంపిలు కఱవుపనులలోని పురుషుని దినవేతనమును పౌను ధాన్యమునకును ఒక అణాకును తగ్గించెను. బ్రిటిషు పాలనలోని ప్రాంతములందే మృతులు సుమారు 55 లక్షలని యంచనా. వాన తప్పించినది ప్రకృతి. అన్నము తప్పించినది మనుష్యుడు.

1904 మొదలు 1924 వఱకు భారత వాతావరణశాఖ కధిపతియైన సర్ గిల్బర్టు వాకరు, పసిఫిక్కుపైని వాయుభారమును హిందూ మహాసముద్రముపైని వాయుభారమును త్రాసు తట్టలవలె నొకటి హెచ్చ నొకటి తగ్గుచుండుట కనిపెట్టెను. దీనిని సముద్రపు వేడితో ముడివేసి చూపినవాడు బ్జెర్క్నెసు, 1969లో. ఎల్ నినో యేట నైరృతి సాధారణముగా క్షీణించును. ఈశాన్యము తఱచుగా బలపడును. 2015లో చెన్నపట్టణమును నెల్లూరును ముంచిన వానలు అట్టి యేటివే.

అయితే ఈ సంబంధమును స్థిరము కాదు. ఉత్తర పసిఫిక్కు ఇరువది ముప్పది యేండ్ల కొకమాఱు తన తీరు మార్చుకొనును. 1947 ప్రాంతమునను 1977 ప్రాంతమునను అట్లు మాఱెను. 1980 తరువాత ఎల్ నినోకు నైరృతితోడి బంధము సడలి, ఈశాన్యముతోడి బంధము బిగిసినదని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. కావున తండ్రి ముప్పదియేండ్ల యనుభవము కుమారునికి శాసనము కానేరదు. సముద్రమే సర్వకారణమనుటయు మఱొక మూఢత్వమే యగును.

మఱి మనము చేయవలసిన దేమి? దూరసముద్రము మన యాజ్ఞకు లోబడదు. కాని మన పెద్దలు చెఱువునకే సముద్రమని పేరిడిరి. అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రమే సాక్షి. ఆ సముద్రము మన చేతిలోనిది. దాని పూడిక తీయుదము; వాగుల కడ్డముగా నున్న యాక్రమణల తొలగింతము; ప్రతి పాఠశాలయందు వానకొలత పాత్ర నుంచి బాలబాలికలచేత లెక్క వ్రాయింతము. లెక్క వ్రాయనేర్చిన బాలిక, వాన రానినాడు పొరుగింటి వితంతువును నిందింపదు.