నులక మంచం నుండి రబ్బరు పాల పరుపు దాకా



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం అనగానే నేను రాజులను గురించో, గుళ్ళను గురించో వ్రాస్తానని మిత్రులు అనుకొని ఉంటారు. నేను ఎన్నుకొన్న విషయం మనం రోజూ పడుకొనే పరుపు. ఈ వయసులో నడుము, మోకాళ్ళు చెప్పినట్లు మనం వినవలసి వస్తున్నది కనుక ఇది చిన్న విషయం కాదు. పైగా ఈ చరిత్ర తెలియక నేను కొంత డబ్బు పోగొట్టుకొన్నాను. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను.

నా చిన్నతనంలో, అంటే 1950 దశాబ్దపు చివరి రోజుల్లో, మన కొండపాకలో పరుపున్న ఇళ్ళు తక్కువ. నులక మంచం, దానిమీద పాత చీరలతో కుట్టిన బొంత, చలికాలంలో కురుమలు నేసిన నల్ల గొంగడి, ఇంతే పడక సామాను. నులక వదులైతే కాళ్ళవైపు తాడు లాగి బిగించేవాళ్ళం. మెత్తలోకి బూరుగు దూది. ఏ వస్తువు దేనితో తయారైందో పిల్లవాణ్ణి అడిగినా చెప్పేవాడు.

కలిగినవారి ఇళ్ళలో దూది పరుపు ఉండేది. ఏడాది రెండేళ్ళకు దూది ఉండలు కట్టి, మధ్యలో పల్లం పడేది. అప్పుడు దూదేకుల తాత భుజాన పెద్ద విల్లు వేసుకొని వచ్చేవాడు. వాకిట్లో పరుపు కుట్లు విప్పి, దూదిని కుప్ప పోసి, నరం బిగించిన ఆ విల్లును చెక్కతో మీటుతుంటే "టంయ్, టంయ్" అని వాడంతా వినిపించేది. దూది పొగమంచులా లేచేది. మా నాయనమ్మ గడపలో కూర్చుండి, "పాత దూది ఎంత, కొత్తది ఎంత? నా ముంగట్నే ఏసి కుట్టు" అనేది. "నీ కండ్ల ముంగట్నే ఉన్నదమ్మా, సూస్కో" అనేవాడాయన. మళ్ళీ కుట్టేదాకా ఆమె అక్కడినుండి లేచేది కాదు. ఆ దృశ్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ఇక రబ్బరు కథ. రబ్బరు చెట్టు పుట్టిల్లు బ్రెజిల్ అడవులు. 1876లో హెన్రీ విక్‌హాం అనే ఆంగ్లేయుడు అక్కడినుండి దాదాపు 70,000 గింజలను లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి చేర్చాడు. వాటిలో మొలిచినవి కొద్ది వేలే. ఆ మొక్కలను సింహళానికి, మలయాకు పంపారు. మన దేశంలో వ్యాపార పద్ధతిలో రబ్బరు తోట 1902లో కేరళలోని తట్టేకాడ్ వద్ద, పెరియార్ నది ఒడ్డున మొదలైంది. 1947లో రబ్బరు చట్టం వచ్చింది. రబ్బరు బోర్డు కార్యాలయం కొట్టాయంలో ఉన్నది. చెట్టు బెరడుపై గాటు పెడితే కారే తెల్లని పాలనే ఆంగ్లంలో లేటెక్స్ అంటారు.

ఈ పాలతో మెత్తని పరుపు చేయవచ్చునని 1929లో ఇంగ్లండులో డన్లప్ కంపెనీ ప్రయోగశాల వారు కనుగొన్నారు. రబ్బరు పాలను గిలకొట్టి నురగ తెప్పించి, అచ్చులో పోసి, గట్టిపరచి, ఆవిరితో ఉడికిస్తారు. మన ఇడ్లీ వంటి పద్ధతే! ఆ తరువాత తలలే అనే మరొక పద్ధతి వచ్చింది. అందులో అచ్చును కొంతవరకే నింపి, గాలి లాగి, నురగను గడ్డకట్టించి, ఆపైన ఉడికిస్తారు. మొదటి పద్ధతిలో పరుపు కొంచెం గట్టిగా, బరువుగా వస్తుంది. రెండవ దానిలో కాస్త మెత్తగా వస్తుంది.

ఆ కంపెనీ పేరు మన భాషలో కలిసిపోయింది. నొక్కితే లేచే ప్రతి పరుపునూ "డన్లప్ పరుపు" అన్నాము. ఇక్కడే తికమక మొదలైంది. 1937లో జర్మనీలో ఆటో బేయర్ అనే శాస్త్రవేత్త పాలీయురిథేన్ కనుగొన్నాడు. దానినుండి వచ్చిన ఫోంకు ముడిసరుకు పెట్రోలియం. చెట్టు పాల చుక్క అందులో ఉండదు. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1942లో, మలయా జపాను వశమై రబ్బరు రాక తెగిపోగా అమెరికాలో పెట్రోలియం నుండి కృత్రిమ రబ్బరు తయారీ విస్తరించింది. కృత్రిమ రబ్బరు పాలతో కూడా లేటెక్స్ పరుపు చేయవచ్చును. అంటే "లేటెక్స్" అన్నంత మాత్రాన చెట్టు పాలు అని అర్థం కాదు. ఇటు కొబ్బరి పీచు పరుపులో పీచును పట్టి ఉంచేది చాలావరకు రబ్బరు పాలే.

ఇప్పుడు నా సంగతి. మా శ్రీమతి నడుము నొప్పికని, పెన్షన్ బకాయిలు చేతికందినప్పుడు పట్నంలో ఒక దుకాణంలో "సహజ లేటెక్స్" పరుపు కొన్నాను. ఏడాదిన్నరకే మధ్యలో గుంత పడింది. మా అబ్బాయి తొడుగు జిప్పు తీసి చూస్తే పైన రెండంగుళాలే లేటెక్స్, కిందంతా మామూలు ఫోం. అడుగుదామంటే రసీదులో "పరుపు - 1" అని మాత్రమే ఉన్నది. నలభై ఏళ్ళు ఇతరుల కాగితాలు సరిచూచిన నేను నా రసీదు చదువుకోలేదు. ఆ రాత్రి మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది.

కనుక కొనేవారు ఆమె అడిగిన ప్రశ్ననే అడగాలి. లోపల ఏమున్నది, ఎంత ఉన్నది? పొరలెన్ని, ఒక్కొక్క పొర మందమెంత, సహజ రబ్బరు శాతమెంత అన్నది రసీదుపైనే వ్రాయించుకోవాలి. "నూరు శాతం సహజం" అన్నా గట్టిపడటానికి గంధకం వంటివి కొద్దిగా కలపక తప్పదు. అది మోసం కాదు. "ఆర్గానిక్" అన్నది వేరే మాట. అది తోట పెంపకానికి సంబంధించినది. 2012లో వచ్చిన గోల్స్ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ధ్రువీకృత ఆర్గానిక్ ముడిసరుకు 95 శాతానికి మించి ఉండాలి. ధ్రువపత్రం ఎవరి పేరున ఉన్నదో, గడువు ఉన్నదో చూడాలి. ఓకో-టెక్స్ అనే ముద్ర హానికర పదార్థాల పరీక్షకు సంబంధించినదే గాని, ఆర్గానిక్ అని చెప్పదు.

నడుము నొప్పికి నేలంత గట్టి పడకే మంచిదని మన నమ్మకం. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్ పరిశోధకులు, దీర్ఘకాల నడుము నొప్పి ఉన్న 313 మందిని 90 రోజులు పరిశీలించి, గట్టి పరుపు కంటే మధ్యరకపు పరుపే మేలు చేసిందని తెలిపారు. అందుచేత దుకాణంలో సిగ్గుపడక పావుగంట పడుకొని చూడండి. మంచం అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. లేటెక్స్ పరుపు బరువు కనుక తిప్పివేయడానికి మనిషి సాయం కావాలి. రబ్బరు పడనివారు ముందుగా వైద్యుని అడగాలి. ఒక ముఖ్య విషయం: దూది పరుపులాగ దీనిని మిద్దెమీద ఎండబెట్టరాదు. ఎండకు రబ్బరు చెడిపోతుంది. నీడలో గాలి తగిలితే చాలును.

అందరూ లేటెక్సే కొనాలని నా ఉద్దేశం కాదు. బాగా ఏకి కుట్టిన దూది పరుపు నేటికీ మంచిదే. మా శ్రీమతి ఇప్పుడు దానిమీదనే పడుకుంటున్నది. ఏది కొన్నా, కట్టిన డబ్బుకు లోపల ఏమున్నదో తెలుసుకొని కొనవలెనని, ఇంట్లో పిల్లలు కొనిపెడుతున్నా వారిచేత రసీదు చదివించుకోవలెనని సభ్యులకు నా మనవి.

ఒక విశ్రాంత ఉద్యోగి, కొండపాక