ప్రాజెక్టు ఊళ్ళో కాపురం

ఎడారిలో ఒక చిన్న ఊరు. ఊరంటే మనం అనుకునే ఊరు కాదు, చమురు కంపెనీ కట్టిన కాలనీ. జీతం ఇక్కడికి మూడింతలు. ఇల్లు, కరెంటు కంపెనీవే. పిల్లల ఫీజులో కొంత వాళ్ళే ఇస్తారు. కాకపోతే పెద్దాసుపత్రికి రెండు గంటల ప్రయాణం, బడి ఎనిమిదో తరగతి వరకే, భార్యకు అక్కడ ఉద్యోగం చేసే వీలు లేదు. వెళ్ళాలా, మానాలా?

మా అక్క కూతురికి ఈమధ్య ఈ ప్రశ్న వచ్చింది. మీలో కూడా చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి మాట భోజనాల దగ్గర నలుగుతూనే ఉంటుంది. నేను ఎడారి చూడలేదు. కానీ మా విశాఖ వాళ్ళకు ఇలాంటి ఊళ్ళు కొత్తేం కాదు. ఇసుక ఉన్నచోట కొండ, చమురు ఉన్నచోట నీళ్ళో ఇనుప రాయో అనుకోండి. మాచ్‌ఖండ్, సీలేరు, మోతుగూడెం, కిరండూల్, బచేలి, దామన్‌జోడి... మా వైపు ఈ పేర్లు వింటే ఎవరో ఒక పెద్దమ్మ, ఎవరో ఒక బాబాయి గుర్తొస్తారు. ఆ ఊళ్ళ చరిత్ర కాస్త తెలిస్తే, ఎడారి ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం సులువవుతుందని నాకనిపిస్తుంది.

మన్యాన్ని మనం ఏజెన్సీ అంటాం కదా, ఆ మాట 1839 నాటిది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధిలోంచి తీసేసి, కలెక్టరే గవర్నరుకు ఏజెంటుగా పాలించేలా ఆ ఏడాది చట్టం చేశారు. ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ. అక్కడికి బదిలీ అయిందంటే కింద ఊళ్ళో ఉన్న ఇంట్లో ఏడుపులే. భయమంతా జ్వరం గురించి. మన్యం జ్వరం అనేవారు, మనం ఇప్పుడు మలేరియా అంటున్నాం. దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో, మన సికింద్రాబాద్‌లోనే. ఆ సంగతి కొండ మీది ఇళ్ళకు పనికొచ్చే రూపంలో చేరడానికి మరో యాభై ఏళ్ళు దాటింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, గోడలకు డీడీటీ కొట్టడం వచ్చాకే చంటిపిల్లలున్న ఇల్లాళ్ళు కొండెక్కడానికి కాస్త ధైర్యం చేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాచ్‌ఖండ్ వచ్చింది. డుడుమ జలపాతం దగ్గర లోయలోకి దూకే నీళ్ళతో కరెంటు తీద్దామని మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. పైన జలాపుట్ డ్యాము, కింద పవర్ హౌసు, ఉద్యోగులకు ఒనకడిల్లిలో కాలనీ. 1955 ఆగస్టులో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ వచ్చి ప్రారంభించారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం పుట్టి రెండేళ్ళయినా నిండలేదు. ఆరు యూనిట్లు కలిపి 114.75 మెగావాట్లు. ఇప్పటి లెక్కల్లో అది చిన్నదే కానీ, అప్పుడు విశాఖ వైపు వెలుగు అక్కడి నుంచే వచ్చేది. తర్వాత అదే నది కిందికి పారి సీలేరు అయిన చోట ఇంకా పెద్దవి కట్టారు. ఎగువ సీలేరు 240 మెగావాట్లు, దిగువ సీలేరు 460. ప్రతి పవర్ హౌసుకూ ఒక కాలనీ, ప్రతి కాలనీకీ కొన్ని వందల కాపురాలు.

అరకు మీదుగా రైలు వచ్చింది కూడా ఇలాంటి ఊరి కోసమే. బస్తర్ అడవుల్లో బైలదిల కొండలున్నాయి. ఎద్దు మూపురంలా ఉంటాయని ఆ పేరు. వాటి నిండా మేలురకం ఇనుప ఖనిజం. దాన్ని కొనడానికి జపాన్ ఉక్కు కంపెనీలు 1960లో ఒప్పందం చేసుకున్నాయి. ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్ల లైను వేశారు. అనంతగిరి కొండల్ని తొలిచి యాభైకి పైగా సొరంగాలు తవ్వారు. సిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. మన దేశంలో బ్రాడ్ గేజ్ మీద అన్నిటికంటే ఎత్తైన స్టేషనని చాలాకాలం దానికి పేరు. లైను 1966-67 ప్రాంతంలో పూర్తయింది, కిరండూల్ గని 1968లో మొదలైంది. మనం అద్దాల పెట్టెలో కూర్చుని ఫొటోలు తీసుకుంటూ వెళ్ళే దారి అసలు రాయి కోసం వేసింది. మనుషులు తర్వాత ఎక్కారు. అయినా కిరండూల్లో కాపురం పెట్టిన తెలుగింటి ఆడపిల్లకు ఆ రైలే పుట్టింటి దారి. వానాకాలం కొండచరియ విరిగి పట్టాల మీద పడితే, ఆ దారీ మూతపడేది. ఇప్పటికీ అంతే.

ఇక ఆ కాలనీల్లో కాపురం ఎలా ఉండేదంటే, సుఖం లేదని చెప్పలేం. కరెంటు పోదు. పక్క క్వార్టర్లో ఒడియా వాళ్ళు, ఎదురింట్లో మలయాళీలు. దసరాకు అందరూ ఒకే పందిట్లో. సంతరోజు కొండ నుంచి పసుపు, చింతపండు, అల్లం, చిక్కుళ్ళు దిగుతాయి. పిల్లలు మూడు భాషలు మాట్లాడతారు. అలాంటి చోట పెరిగిన వాళ్ళని కదిపి చూడండి, కళ్ళు మెరుస్తాయి.

కానీ ఒక్క విషయం గమనించండి. అక్కడ అన్నీ ఒకే తాడుకు వేలాడతాయి. ఇల్లు ఎంత పెద్దదో ఆయన గ్రేడును బట్టి. బడి కంపెనీది, ఆసుపత్రి కంపెనీది, పట్నానికి వెళ్ళే బస్సు కంపెనీది. ఇల్లాలి పేరు కూడా చాలామందికి తెలీదు, ‘ఏఈ గారి ఆవిడ’, ‘ఫోర్‌మన్ గారింటావిడ’ అంతే. డిగ్రీ చదివిన ఆమెకు అదృష్టముంటే కాలనీ బళ్ళో టీచరు ఉద్యోగం, లేకపోతే లేదు. రిటైరైన రోజుతో ఇల్లు ఖాళీ చేయాలి. అక్కడే చిన్న స్థలం కొనుక్కుని ఉండిపోదామన్నా మన ఏజెన్సీలో కుదరదు. 1970లో వచ్చిన సవరణ, అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనే చట్టం, గిరిజనేతరులు అక్కడ భూమి కొనడాన్ని నిషేధించింది. అది న్యాయమైన చట్టమే, ఎందుకో కింద చెబుతాను. మన లెక్కకు మాత్రం సంగతిది: ముప్పై ఏళ్ళు కాపురం చేసినా ఆ ఊళ్ళో మన పేరు మీద గుమ్మం ఉండదు.

ఆ తాడు తెగితే ఏమవుతుందో 1978లో కిరండూల్ చూసింది. అక్కడ కంపెనీ పర్మినెంటు ఉద్యోగులతో పాటు, చేత్తో రాయి కొట్టి ఎత్తే కాంట్రాక్టు కూలీలు వేలమంది ఉండేవారు. ఆ పనులు తగ్గించేయడంతో వాళ్ళ బతుకు తెరువు పోయింది. ఆందోళన చేశారు. ఆ ఏప్రిల్లో పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఒకే కొండ, ఒకే రాయి. పర్మినెంటు కాగితం ఉన్నవాడికి క్వార్టరు, కాంట్రాక్టు వాడికి గుడిసె. పని అయిపోయాక ఊరు ఎవరిని ఉంచుకుంటుంది, ఎవరిని పొమ్మంటుంది అనేది ఆ కాగితంలో ముందే రాసి ఉంటుంది.

ఇప్పుడు ఎడారికి వెళ్దాం. సౌదీలో 1938లో మొదటిసారి బాగా చమురు పడ్డాక దహ్రాన్‌లో అమెరికన్ కంపెనీ కాలనీ కట్టింది. అమెరికన్ కుటుంబాలకు కంచె లోపల ఇళ్ళు, పచ్చగడ్డి, బడి. సౌదీ కార్మికులకు అవతల వేరే బస, అదీ చాలా నాసిరకం. ఆ తేడాల మీదే 1953లో, 1956లో అక్కడ పెద్ద సమ్మెలు జరిగాయి. కువైట్‌లో 1946లో చమురు ఎగుమతి మొదలయ్యాక అహ్మదీ అనే ఊరు కట్టారు. అందులో ఉత్తరాన బ్రిటిష్, అమెరికన్ అధికారులు. మధ్యలో గుమాస్తా పనులు, సాంకేతిక పనులు చేసే భారతీయులు, పాకిస్తానీలు. ఇంకో పక్కన అరబ్ కూలీలు. అంటే మనవాళ్ళకు ఆ పటంలో మధ్య వరస ముందే గీసి పెట్టారన్నమాట. పైకి ఎక్కలేం, కిందికి చూసి మనం నయమే అనుకుంటాం. మన కొండ కాలనీల్లో ఆఫీసర్ల వరస, స్టాఫ్ వరస, బయట బస్తీ అని ఉండేది గుర్తుందా? అచ్చం అదే.

ఎడారిలో తాడు ఇంకా సన్నం. ఆయన వీసా కంపెనీ చేతిలో, ఆమె వీసా ఆయన చేతిలో. ఉద్యోగం పోతే ఇల్లే కాదు, దేశమే వదలాలి. మాచ్‌ఖండ్ నుంచి రిటైరైన వాళ్ళు కనీసం విజయనగరంలోనో విశాఖలోనో ఇల్లు కట్టుకుని, పాత స్నేహితులకు దగ్గర్లోనే ఉండగలిగారు.

పైగా కుటుంబాన్ని తీసుకెళ్ళడం కూడా అందరికీ ఉన్న అవకాశం కాదు. కువైట్‌లో ఫ్యామిలీ వీసాకు కనీస జీతం ఇంత ఉండాలని నియమం ఉంది. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్ళల్లో పనికి కువైట్ వెళ్ళిన వేలాది ఆడవాళ్ళకు ‘కుటుంబంతో వెళ్ళాలా’ అన్న ప్రశ్నే రాలేదు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి ఒంటరిగా విమానం ఎక్కారు. వెళ్ళాలా మానాలా అని మనం తీరిగ్గా ఆలోచిస్తున్నామంటే, అది మనకున్న వెసులుబాటు అని గుర్తుంచుకోవాలి.

ఆ వెసులుబాటు అసలే లేనివాళ్ళ సంగతి చెప్పకుండా కొండ ఊళ్ళ చరిత్ర పూర్తి కాదు. జలాపుట్ జలాశయం కింద పల్లెలకు పల్లెలు మునిగిపోయాయి. దాదాపు మూడు వేల కుటుంబాలు ఊళ్ళు వదిలాయి. అందులో సగానికి పైగా ఆదివాసులు. పునరావాసం దక్కింది కొద్దిమందికే. మైదానం నుంచి ఒక ఇల్లాలు సామాను సర్దుకుని కొత్త క్వార్టరుకు వస్తున్న రోజుల్లోనే, ఆ కొండ మీది ఇల్లాలు తన సామాను నెత్తిన పెట్టుకుని ఊరు వదిలి వెళ్ళింది. మొదటామెను అలవెన్సు ఎంత కావాలో అడిగారు. రెండో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఆమె తరఫు వాళ్ళను అడగాల్సిందేనని తేలడానికి నలభై ఏళ్ళు పట్టింది. అరకు వెళ్ళేటప్పుడు బొర్రా గుహల దగ్గర దిగుతాం కదా, ఆ బొర్రా పంచాయతీ పల్లెల్లో గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం లీజులు ఇచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకు వెళ్ళింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గిరిజనేతరులకు భూమి ఇవ్వకూడదన్న నియమం ప్రైవేటు కంపెనీలకూ వర్తిస్తుంది, ప్రభుత్వం ఇచ్చినా సరే ఆ లీజులు చెల్లవని. ఇందాక చెప్పిన వన్ ఆఫ్ సెవెంటీ ఎందుకు న్యాయమో ఇక్కడ తెలుస్తుంది. అది లేకపోతే కాలనీలు కట్టిన చోటల్లా కొండవాళ్ళ చేతిలో గుప్పెడు మట్టి కూడా మిగిలేది కాదు.

ఇదంతా చదివి, వెళ్ళొద్దంటుంది కాబోలు అనుకోకండి. వెళ్ళి బాగుపడ్డ కుటుంబాలు నాకు తెలుసు. ఆ కాలనీ జీతాలతోనే ఎన్నో ఇళ్ళల్లో ఆడపిల్లల చదువులు, పెళ్ళిళ్ళు జరిగాయి. నేననేది ఒకటే. ఇలాంటి ఊరి గురించి ఆలోచించేటప్పుడు మనం ఎండ ఎలా ఉంటుంది, కూరగాయలు దొరుకుతాయా, తెలుగువాళ్ళు ఉన్నారా అని అడుగుతాం. అవి సర్దుకుపోయే విషయాలు. మన్యం జ్వరమే సర్దుకుంది. సర్దుకోనివి వేరే. ఆ ఉద్యోగం కంపెనీదా, కాంట్రాక్టరుదా? ఎన్నేళ్ళకు? మధ్యలో ఆపేస్తే ఎన్ని రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలి? రాత్రి రెండింటికి నొప్పులొస్తే ఆపరేషన్ చేసే చోటు ఎంత దూరం, తీసుకెళ్ళే బండి ఎవరిది? పిల్లల బడి ఏ తరగతితో ఆగిపోతుంది, అప్పుడు వాళ్ళ కోసం వెనక్కి వచ్చేది ఎవరు? సాధారణంగా వచ్చేది తల్లే కదా. అప్పటికి ఆమె చదువు, ఆమె ఉద్యోగం ఏ స్థితిలో ఉంటాయి? ఆ మూడింతల జీతంలోంచి నెలనెలా ఆమె సొంత ఖాతాలో ఎంత పడుతుంది?

వీటికి జవాబులు స్నేహితులు చెప్పలేరు, యూట్యూబులో దొరకవు. ఆఫరు కాగితంలో ఉంటాయి, లేదా అందులో లేవన్న సంగతి తెలుస్తుంది. చాలా ఇళ్ళల్లో ఆ కాగితం మగవాళ్ళు చదివి, సంతకం చేశాక ఆడవాళ్ళకు చెబుతారు. సంతకానికి ముందే తెచ్చుకుని, మొదటి పేజీ నుంచి చివరి దాకా మీరే చదవండి. అర్థం కానిచోట గీత గీసి, కంపెనీకి మెయిల్ పెట్టి అడిగించండి. వాళ్ళ జవాబు రాతలో వచ్చాకే సూట్‌కేసులు కిందికి దించండి.