తూకానికి అందని తీపి

నెలకొకసారి, శుక్రవారం సాయంత్రం, నిలువనీడ లేనివారు తలదాచుకునే మా ఊరి బసకు నేను ఇంట్లో చేసిన తీపి పట్టుకువెళ్తుంటాను. షికాగోకు చేరువలోని చిన్న ఊరు మాది. ఇంటి వంటను స్వీకరించని బసలు ఈ దేశంలో చాలానే ఉన్నాయి. మా ఊరివారు మాత్రం వాడిన దినుసులన్నీ ఒక చీటీ మీద రాసి ఇస్తే చాలునంటారు.

మొదట్లో రొట్టెలు, సూపు తీసుకువెళ్ళేదాన్ని. ఆకలిగొన్నవారికి కడుపు నింపేదే ముఖ్యం కదా అనుకునేదాన్ని. ఒక చలికాలం మాత్రం, పెరట్లో కాసిన ఆపిల్ పళ్ళు మిగిలిపోతే, దాల్చినచెక్క పొడి వేసి కేకు చేసి పట్టుకెళ్ళాను. ఒక పెద్దాయన ముక్క చేతిలోకి తీసుకుని తినకుండా నా వైపు చూశాడు. “ఇది కొన్నదా, మీరు చేసిందా?” అని అడిగాడు. నేనే చేశానన్నాను. “మా కోసమేనా?” అన్నాడు. అవునన్నాక సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి జేబులో దాచుకున్నాడు.

ఆ సంగతి ఫోనులో అమ్మకు చెప్పాను. “విస్తట్లో ముందు తీపి వడ్డించందే భోజనమెట్లా అవుతుందే? అది ముష్టి అవుతుంది గానీ,” అంది. ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. ఆకలి తీర్చడానికీ, అతిథిగా ఆదరించడానికీ మధ్యనున్న ఆ కాస్త దూరాన్ని చరిత్రలో వెతకాలనిపించింది.

మా షికాగోలోనే దానికొక ఆనవాలు ఉంది. ఏటా జూన్ మొదటి శుక్రవారాన్ని అమెరికాలో డోనట్ దినంగా జరుపుకుంటారు. అంగళ్ళు ఉచితంగా డోనట్లు పంచే ఆ రోజు వెనుక వ్యాపారపుటెత్తు తప్ప మరేమీ లేదని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. నిజానికి దానిని 1938లో ఈ షికాగో నగరంలోనే సాల్వేషన్ ఆర్మీ ఆరంభించింది. ఆర్థికమాంద్యంలో చితికిపోయినవారి కోసం విరాళాలు కూడబెట్టడం ఒక ఉద్దేశం. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులకు డోనట్లు వండిపెట్టిన స్త్రీలను స్మరించుకోవడం మరొకటి.

ఆ స్త్రీల కథ 1917 నాటిది. ఫ్రాన్సులోని మోంతియే-స్యూర్-సో అనే పల్లెలో అమెరికన్ సేనలు విడిసి ఉన్నాయి. ఎడతెగని వాన, బురద, ఇంటి మీద బెంగ. సాల్వేషన్ ఆర్మీ తరఫున అక్కడికి వెళ్ళిన హెలెన్ పర్వియన్స్, మార్గరెట్ షెల్డన్ అనే ఇద్దరు యువతులు వారికి ఇంటి రుచి ఏదైనా చేసిపెట్టాలనుకున్నారు. కేకులు కాల్చడానికి ఓవెన్ లేదు. ఉన్నవల్లా పిండి, పంచదార, కొవ్వు, డబ్బాపాలు వంటివే. వాటితో చేయదగినది డోనట్. అప్పడాల కర్రకు బదులు ద్రాక్షసారా సీసాతో పిండి ఒత్తి, చిన్న పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని వేయించారు. తొలినాడు అయినవి 150 మాత్రమే. వాన లెక్కచేయక సైనికులు బారులు తీరారు. దరిమిలా ఆ వంట ఇతర శిబిరాలకూ పాకింది. అన్నట్టు, అమెరికన్ సైనికులకు ‘డోబాయ్’ అన్న పేరు ఈ డోనట్ల వల్లనే వచ్చిందని కొందరంటారు. అది నిజం కాదు. ఆ పేరు అంతకు ఎన్నో దశాబ్దాల ముందునుంచే ఉంది.

సైన్యం ఆ కుర్రవాళ్ళకు తిండి పెట్టకపోలేదు. తూచి, లెక్కగట్టి రోజూ పెడుతూనే ఉంది. డోనట్ ఆ లెక్కలో లేనిది. అందుకే వారికది అంత ప్రియమైంది.

తూచి పెట్టిన తిండి అనగానే మన ధాత కరువు గుర్తుకు వస్తుంది. 1876–78 నాటి ఆ మహాక్షామంలో రాయలసీమ ప్రాంతాలు అల్లాడిపోయాయి. 1877 ఆరంభంలో కరువు పనుల కూలిని సర్ రిచర్డ్ టెంపుల్ తగ్గించాడు. రోజంతా పనిచేసే పురుషునికి ఒక పౌను ధాన్యం, దానిపై ఒక అణా. అంటే అర్ధశేరుకు అటూ ఇటూగా గింజలు. మద్రాసు వైద్యాధికారి కార్నిష్ ఇది మనిషిని నిలబెట్టదని గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు. ఇద్దరి వాదమూ ఎన్ని గింజలన్న దాని చుట్టూనే తిరిగింది. ప్రాణాలు పోతున్న వేళ ఆ లెక్క అవసరమే. కాని ఆ లెక్కలో ఎదుటి మనిషి కడుపుగా తప్ప మరోలా కనబడడు.

ఇక్కడ నన్ను తికమకపెట్టిన విషయం ఒకటుంది. ఫ్రాన్సులో డోనట్లు వండిన ఆ సాల్వేషన్ ఆర్మీయే, అవే సంవత్సరాలలో, బాపట్ల దగ్గరి స్టువర్టుపురాన్ని నడుపుతోంది. నేరజాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచిన సెటిల్‌మెంట్ అది. అక్కడ బడి ఉంది, పని ఉంది, సాగుకు భూమీ ఉంది. వాటితోపాటు హాజరుపట్టీ ఉంది. అనుమతి లేనిదే ఊరు దాటరాదన్న కట్టడీ ఉంది. పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రపడిన ఆ మనుషులకు నీడ దొరికింది, అతిథి మర్యాద దొరకలేదు. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయినా, ఆ ఊరి పేరుకంటిన మచ్చ అంత త్వరగా పోలేదు.

ఒక సంస్థ మంచిదా చెడ్డదా అని తేల్చడం నా ఉద్దేశం కాదు. ఒకే సంస్థ ఒకచోట మోకాళ్ళ మీద కూర్చుని వండిపెట్టింది, మరొకచోట పేర్లు పిలిచి హాజరు వేసింది. కేకు పట్టుకుని బస గుమ్మం ఎక్కే నాలోనూ ఆ ఇద్దరూ ఉన్నారు. “ఒక్కొక్కరికి ఒక్క ముక్కే” అని నేనే ఎన్నిసార్లు అనలేదు?

ఆ పెద్దాయన తర్వాతి నెలల్లో మళ్ళీ కనబడలేదు. ఎక్కడికి వెళ్ళాడని అడిగితే, అటువంటి వివరాలు చెప్పరాదన్నారు. అది సబబే. ఇప్పుడు మాత్రం బల్ల మీద కేకు పెట్టి, కత్తి పక్కన ఉంచి, నేను ఒక కుర్చీలో కూర్చుంటున్నాను. ఎవరికి కావలసినంత వారే కోసుకుంటారు. ఒక్కోసారి చివరివారికి మిగలదు. అటువంటప్పుడు మొదట కోసుకున్నవారే తమ పళ్ళెంలోది విరిచి ఇవ్వడం రెండుసార్లు చూశాను.

వచ్చే శుక్రవారానికి బూరెలు చేద్దామనుకుంటున్నాను. దినుసుల చీటీ మీద పూర్ణాన్ని ఇంగ్లీషులో ఏమని రాయాలో ఇంకా తేల్చుకోలేదు.