కీటో డైట్: అన్నం మానేస్తే క్యాన్సర్ తగ్గుతుందా? కీటోన్ స్ట్రిప్ చెప్పేదేంటి.. చెప్పనిదేంటి?

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలగానే బంధువుల సలహాలు మొదలవుతాయి. "షుగర్ మానేయండి, అన్నం మానేయండి.. తిండి దొరక్క క్యాన్సర్ కణాలే చచ్చిపోతాయి" అన్నది వాటిలో ఒకటి. అలా కీటో డైట్ మొదలుపెట్టి, రోజూ కీటోన్ లెవెల్స్ చూసుకునేవాళ్లూ ఉన్నారు. మరి ఇందులో నిజమెంత? తెలుసుకుందాం..

అసలు కీటో డైట్ అంటే..

పిండిపదార్థాలను సాధారణంగా రోజుకు 50 గ్రాముల లోపు ఉంచి, కొవ్వు ఎక్కువగా తినడమే కీటో డైట్. ఒక్క కప్పు అన్నంలోనే దాదాపు 45 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. అవి అందనప్పుడు లివర్ కొవ్వును కీటోన్లుగా మారుస్తుంది. 1921లో అమెరికాలోని మాయో క్లినిక్ డాక్టర్ రస్సెల్ వైల్డర్ మూర్ఛ వ్యాధికి ఈ డైట్ సూచించారు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ డాక్టర్ల పర్యవేక్షణలో ఇస్తున్నారు.

క్యాన్సర్‌తో లింక్ ఏంటి?

క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా వాడుకుంటాయని 1920లలో జర్మనీ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ గుర్తించారు. పెట్ స్కాన్‌లో గడ్డలు మెరిసేది కూడా అందుకే. కానీ అన్నం మానేసినంత మాత్రాన రక్తంలో గ్లూకోజ్ సున్నా అయిపోదు. లివర్ సొంతంగా తయారు చేస్తూనే ఉంటుంది. పైగా చాలా రకాల క్యాన్సర్లు గ్లుటమిన్, కొవ్వులతో కూడా బతకగలవు.

పరిశోధనల్లో తేలిందేంటి?

* 1995లో బ్రెయిన్ ట్యూమర్ ఉన్న ఇద్దరు పిల్లలకు ఈ డైట్ ఇస్తే, గడ్డ గ్లూకోజ్ వాడకం సగటున 22 శాతం దాకా తగ్గింది. దాంతో ఆశలు పెరిగాయి.
* 2020లో జర్మనీ డాక్టర్లు ప్రకటించిన ఎర్గో-2 ట్రయల్‌లో, తిరగబెట్టిన బ్రెయిన్ ట్యూమర్ ఉన్న 50 మందిని పరిశీలించారు. రేడియేషన్ సమయంలో కొందరికి 9 రోజుల పాటు కీటో డైట్, ఉపవాసం కలిపి పెట్టారు. మామూలు తిండి తిన్నవాళ్లతో పోలిస్తే ఆయుష్షులో తేడా కనిపించలేదు.
* 2018లో ఎలుకలపై చేసిన ఓ పరిశోధనలో, ఒక రకం బ్లడ్ క్యాన్సర్ కీటో డైట్‌తో ఇంకా వేగంగా పెరిగింది.

కీటోన్లు ఎలా చూస్తారు?

యూరిన్ స్ట్రిప్ రంగు మారడాన్ని బట్టి అంచనా మాత్రమే ఇస్తుంది. వేలి నుంచి రక్తపు చుక్క తీసి మీటర్‌తో చేసే టెస్టు ఇంతకంటే కచ్చితం. డైట్ చేసేవాళ్లలో లీటరుకు 0.5 నుంచి 3 మిల్లీమోల్స్ మధ్య ఉంటే కీటోసిస్‌లో ఉన్నట్టు. అంటే శరీరం కొవ్వును కరిగిస్తోందని అర్థం. గడ్డ కరుగుతోందని కాదు! ఆ సంగతి స్కాన్లు, డాక్టర్ చేసే పరీక్షలే చెప్పాలి. సరిగా తినలేక చిక్కిపోతున్న పేషెంట్‌కి కూడా కీటోన్లు పెరుగుతాయి. కాబట్టి నంబర్ చూసి సంబరపడకూడదు.

వీళ్లు మరీ జాగ్రత్త..

టైప్-1 షుగర్ ఉన్నవాళ్లకు, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లకు కీటో డైట్ ప్రమాదకరం. కీటోయాసిడోసిస్ వచ్చి ప్రాణాల మీదకు రావొచ్చు. ఈ మాత్రలు వాడేవాళ్లలో షుగర్ రీడింగ్ మామూలుగా ఉన్నా ఇది రావొచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో కీటోన్లు 3 దాటినా.. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

బరువే అసలు లెక్క

కీమో సమయంలో బరువు, కండ తగ్గితే ట్రీట్‌మెంట్ తట్టుకోవడం కష్టం. డోసు తగ్గించాల్సి రావొచ్చు, మధ్యలో ఆపాల్సి రావొచ్చు. క్యాన్సర్ పేషెంట్లకు కిలో బరువుకు రోజుకు 25-30 క్యాలరీలు, కనీసం 1 గ్రాము ప్రొటీన్ అందాలని యూరప్ పోషకాహార నిపుణుల సంఘం ఎస్పెన్ సూచిస్తోంది. 50 కిలోల మనిషికి అది 1,250 నుంచి 1,500 క్యాలరీలు. చిక్కిపోయే ప్రమాదం ఉన్నవాళ్లకు తిండిని కట్టడి చేసే డైట్లు వద్దని కూడా చెబుతోంది.

అయినా కీటో ప్రయత్నించాలనుకుంటే ముందు ఆంకాలజిస్టుకు, డైటీషియన్‌కు చెప్పాలి. వాడుతున్న అన్ని మాత్రల వివరాలూ చూపించాలి. వారానికోసారి బరువు రాసిపెట్టుకోవాలి. అది తగ్గుతూ వస్తుంటే కీటోన్ నంబర్ ఎంత బాగున్నా డాక్టర్‌తో మాట్లాడాల్సిందే.