మందుపాతరయు కాలినడకయు

మన తెలుగున 'పాతర' యనగా ధాన్యము దాచు గొయ్యి. జొన్నలు పండు ఊళ్ళలో దొడ్డిలో గొయ్యి త్రవ్వి, గడ్డి పరచి, గింజలు పోసి, పైన మన్ను కప్పి, కఱవు నాడు తీసికొనెడివారు. ఆ మాటకు ముందు 'మందు' చేరినంతనే అది ప్రాణములు తీయు వస్తువు పేరైనది. అన్నము దాచిన గొయ్యి పేరే మృత్యువును దాచిన గొయ్యికి వచ్చుట మన భాషలో నొక వింత. మన షోలాపురమున వచ్చు మరాఠీ పత్రికలు దీనినే 'భూసురుంగ్' అని వ్రాయును. పేరేదైనను వస్తువొకటే.

కొంతం చౌక్‌లో మగ్గముల చప్పుడు నడుమ బ్రదుకు మనకు ఈ ప్రసంగమేల యని చదువరులు అడుగవచ్చును. మన పెద్దలలో ననేకులు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము జిల్లాల నుండి వచ్చినవారు. సిరిసిల్లకో, జగిత్యాలకో, పెద్దపల్లికో పెండ్లికి పోవు మన బంధువులు ఏ దారులలో ప్రయాణించిరో, ఆ ప్రాంతపు దారులలోనే కల్వర్టుల క్రింద ఈ పాతరలు పెట్టబడెను. కావున ఇది పరుల చరిత్ర కాదు.

భూమిలో మందు కూర్చి శత్రువును కూల్చుట పాత విద్యయే. పూర్వము కోటగోడల క్రింద సొరంగములు త్రవ్వి పేల్చెడివారు. దానిని తొలగించు విద్యలో మన దక్షిణదేశపు సిపాయిలకు మంచి పేరున్నది. మద్రాసు శాపర్ల దళమున కెప్టెన్ మెక్లింటాక్ అను అధికారి 1912లో బెంగుళూరునందు కల్పించిన పొడుగాటి గొట్టము 'బెంగుళూరు టార్పెడో' అను పేర లోకమంతటను వ్యాపించెను. ముండ్లకంచెలను, పాతరలున్న నేలను దూరము నుండియే పేల్చి దారి చేయుటకు అది సాధనము. ఆ దళమునకే చెందిన సుబేదారు సుబ్రహ్మణ్యన్ 1944 ఫిబ్రవరి 24న ఇటలీ దేశమున మిగ్నానో కడ పాతరలు వెదకుచుండగా, కాలు పడి పేలబోవుచున్న పాతరపై తానే పడి తోడివారిని కాచి మరణించెను. జార్జి క్రాసు పతకమును పొందిన మొదటి భారతీయుడు ఆయనయే.

అయితే ఆనాటి పాతరలు కర్మాగారములలో తయారైనవి, ఒక సైన్యము మరియొక సైన్యమునకై పెట్టినవి. మన కాలమున వచ్చినవి చేతిపనివి. రాతిగనులలో బండలు పగులగొట్టుటకు వాడు మందు, పాలడబ్బా, కొంత విద్యుత్తీగ, ఇట్టివే వాని సామగ్రి. 1980 ఏప్రిల్‌లో కొండపల్లి సీతారామయ్య మొదలైనవారు స్థాపించిన పీపుల్స్‌వార్ పక్షము కొంతకాలమునకు ఈ పద్ధతిని తన ముఖ్యాయుధముగా చేసికొన్నది. జీపులలో, వ్యానులలో తిరుగు పోలీసులకు దీనివలన ఘోరనష్టము కలిగెను. కారణము సులభముగనే తెలియును. రోడ్డు కదలదు, బండి ఆ రోడ్డుననే రావలెను, పదిమంది ఒక్కచోట కూర్చుండి యుందురు. తీగ చివర పొదలో నున్నవాడు ఒక్కడైనను చాలును.

దీనికి విరుగుడుగా 1989లో కె.యస్. వ్యాస్ అను పోలీసు అధికారి గ్రేహౌండ్స్ దళమును నెలకొల్పెను. ఆయన చేసిన మార్పు ఆయుధములో కంటె అలవాటులో నెక్కువ. ఎదుటివాడు ఎట్లు నడచునో, ఎట్లు తినునో, ఎక్కడ పండుకొనునో అట్లే వీరును నేర్చుకొనవలెననుట ఆయన పద్ధతి. చిన్న చిన్న జట్లుగా విడిపోయి, తిండియు నీళ్ళును వీపున మోసికొని, రాత్రిపూట కాలినడకన అడవిలో తిరుగుట వారి శిక్షణకు ప్రాణము. రోడ్డును వదలుమనిరి, కాలిబాటను సయితము వదలుమనిరి. పోయిన దారిన తిరిగి రారాదనిరి. మోటారు బండి యెక్కుట గొప్ప యని భావించు ఉద్యోగులకు బండి దిగి నడువుమని చెప్పి ఒప్పించుట ఎంత కష్టమో, ఏ కచేరీలోనైన పనిచేసినవారికి తెలియకపోదు. వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియమున వ్యాయామమునకు పోయిన సమయమున కాల్చి చంపిరి. ఆయన దళము మాత్రము నిలిచినది. ఇతర రాష్ట్రములు దానిని చూచి నేర్చుకొనినవి.

పోలీసులు బండ్లు దిగిరి గాని మంత్రులు దిగలేదు, దిగుటకు వీలును లేదు. 2000 మార్చి 7న, అంతకుముందు హోంమంత్రిగా నుండిన ఎలిమినేటి మాధవరెడ్డి గారు ఘట్‌కేసర్ సమీపమున పాతర పేలి మరణించిరి. 2003 అక్టోబరు 1న బ్రహ్మోత్సవములకై తిరుమలకు పోవుచున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారి కారు క్రింద అలిపిరి కడ క్లేమోరు పాతరలు పేలెను. దృఢమైన కారు గనుకను, పెట్టినవన్నియు పేలలేదు గనుకను ఆయన గాయములతో బయటపడిరి. నాటినుండి ప్రముఖుల ప్రయాణమునకు ముందు కల్వర్టులు వెదకుట, దారిని కాచుట నిత్యకృత్యమైనది.

బండినే గట్టిపరచవచ్చును గదా యను ఆలోచన ఇతర దేశములలో ముందే పుట్టినది. 1970 ప్రాంతపు యుద్ధములలో రొడీషియా, దక్షిణాఫ్రికా దేశముల వారు బండి అడుగును నాగలికర్రు వలె కోసుగా చేసి, పేలుడు వేగము ఇరుప్రక్కలకు చీలిపోవునట్లు చేసిరి. ఇరాకులో వేలకొలది సిపాయిలను పోగొట్టుకొన్న పిమ్మట 2007 నుండి అమెరికా వారును అట్టి బండ్లనే పెద్దయెత్తున పంపిరి. మన దేశమున అవి మెదక్ ఆయుధ కర్మాగారమున, అనగా మన తెలుగునేలపై ఎద్దుమైలారమున తయారైనవి. ఆ కర్మాగారము నేడు సంగారెడ్డి జిల్లాలో నున్నది.

నేను బ్రదుకంతయు జమాఖర్చు పుస్తకములు వ్రాసినవాడను గనుక ఇందలి లెక్క నాకు త్వరగా కనబడును. బండి ఉక్కును ఒక అంగుళము పెంచుటకు సర్కారుకు ఎంతో ఖర్చు. పాతరలో మందు రెట్టింపు చేయుటకు ఎదుటివానికి ఖర్చు కొద్ది. 2005 సెప్టెంబరు 3న ఛత్తీసుగఢ్‌లోని బీజాపూర్ ప్రాంతమున ఇట్టి రక్షణబండియే పేలి 24 మంది మృతులైరి. 2018 మార్చి 13న సుక్మా జిల్లా కిష్టారం కడ మరల అట్టి బండిలోనే 9 మంది పోయిరి. బండి పనికిరానిదని నేననను. చిన్న పేలుళ్ళ నుండి అది ఎందరినో కాచినది. కాని దానిని నమ్మి రోడ్డు పట్టుట మాత్రము తప్పు.

నడకను మరచినచో నడకలో ఆరితేరినవారికిని ఆపదయే. 2008 జూన్ 29న ఒరిస్సాలోని బలిమెల జలాశయమున పడవలో వచ్చుచున్న గ్రేహౌండ్స్‌పై గుట్టలమీది నుండి కాల్పులు జరిగి ముప్పదికి పైగా చనిపోయిరి. అక్కడ పాతర లేదు; పడవయే బండి, నీరే రోడ్డు. మన మహారాష్ట్రమున గడ్చిరోలి జిల్లాకై 1990లో సి-60 అను దళము ఏర్పడినది. ఆ జిల్లాలోని సిరోంచ తాలూకాలో తెలుగు వినబడును. 2019లో మహారాష్ట్ర దినమైన మే 1న, ముందురాత్రి తగులబెట్టబడిన రోడ్డుపని వాహనములను చూడబోవుచు ఒక ప్రైవేటు బండి యెక్కిన 15 మంది పోలీసులును డ్రైవరును జాంభుల్‌ఖేడా కడ పాతరకు బలియైరి. నిప్పు పెట్టినది పిలుచుటకే యని పిమ్మట అందరికిని అర్థమైనది.

నడక పెరిగిన కొలది పాతరయు మారినది. తీగ లాగనక్కరలేక, కాలు పడిన మాత్రమున పేలునవి కాలిబాటలకు వచ్చెను. ఇనుము లేనివి వచ్చుటచే లోహము పట్టు యంత్రము మౌనము వహించెను. అప్పుడు వాసన పట్టు కుక్కలకు విలువ పెరిగినది. మందు దొరకకుండ చేయుటకై అమోనియం నైట్రేటును పేలుడు పదార్థములలో చేర్చి 2012లో ప్రత్యేక నియమములు చేసిరి. మట్టిరోడ్డుకు బదులు తారు, సిమెంటు వేసినచో త్రవ్వినది తెలియునని రోడ్డుపనులకు పోలీసులు కాపలా కాసిరి.

ఈ పోరులో ఇరువైపుల వారును కానివారు ఎక్కువ నలిగిరి. 2010 మే 17న సుక్మా దారిలో ప్రయాణికుల బస్సు పేలి ముప్పదిమందికి పైగా మరణించిరి. అందు పోలీసు సహాయకులున్నారని పెట్టినవారు చెప్పుకొనిరి. టిక్కెట్టు కొని కూర్చున్నవారి సంగతి చెప్పలేదు. మరియొక ప్రక్క, గ్రేహౌండ్స్ చేసిన 'ఎన్‌కౌంటర్ల'పై పౌరహక్కుల సంఘములు అడిగిన ప్రశ్నలు కూడ అడుగదగినవే. దళము నేర్పు వేరు, దాని నేర్పును ఎట్లు వాడుకొనిరను విచారణ వేరు.

2025 మే 21న మావోయిస్టు పక్షపు ప్రధాన కార్యదర్శి నంబాళ కేశవరావు ఛత్తీసుగఢ్ అడవులలో హతుడయ్యెను. వరంగల్లులో ఇంజనీరింగు చదివిన ఆయనకు పేలుడు విద్యలో నిపుణుడని పేరు. ఆ అక్టోబరులో పెద్దపల్లివాడైన మల్లోజుల వేణుగోపాలరావు తన అనుచరులతో గడ్చిరోలిలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి యెదుట ఆయుధములు విడిచెను. మనుష్యులు లొంగుదురు గాని పాతరలు లొంగవు. తెలంగాణ సరిహద్దున కర్రెగుట్టలపై వందలకొలది పాతరలు బయటపడినవి. 2024 జూన్‌లోనే ములుగు జిల్లా వాజేడు మండలమున కట్టెలకై గుట్ట యెక్కిన గ్రామస్థుడొకడు కాలి క్రింద పాతర పేలి చనిపోయెను. వానికి ముందు నడచుటకు కుక్క లేదు, యంత్రము లేదు. ఆ గుట్టలను ఇప్పుడు అడుగడుగున వెదకవలసియున్నది.