గాలె కోట: సునామీ ఆగింది, ఇళ్ల అమ్మకాలు ఆగలేదు

టీవీలో గాలె టెస్టు చూసేవారికి స్టేడియం పక్కన కనిపించే ప్రాకారం లోపలే ఆ శ్రీలంక నగరపు పాత బస్తీ ఉంది. 1588లో పోర్చుగీసువారు ఇక్కడ కోట కట్టారు. 1640లో దాన్ని గెలుచుకున్న డచ్చివారు బురుజులు బలపరిచి, నేటి వీధుల రూపం ఇచ్చారు. సముద్రపు పోటుతో కడుక్కుపోయేలా వారు వేసిన భూగర్భ మురుగు కాలువలు ఆ కాలానికి అరుదే. 1755 నాటి డచ్ చర్చిలో నేలంతా సమాధి పలకలే. దక్షిణ కొసన 1939 నాటి లైట్‌హౌస్, దానికి ఎదురుగా, దూరం నుంచి చర్చిలా కనిపించే మీరాన్ మసీదు.

1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2004 సునామీలో బయటి బస్టాండు, స్టేడియం ధ్వంసమైనా గోడల వెనకున్న ఊరు చాలావరకు బతికిపోయింది.

ఇప్పటి ఒత్తిడి వేరు. ఇది జనం కాపురముంటున్న కోట. అందులోనే దాని విలువ. ధరలు పెరిగే కొద్దీ పాత కుటుంబాలు ఇళ్లు అమ్ముకుంటున్నాయి. అవి ఖరీదైన హోటళ్లుగా, కెఫేలుగా మారుతున్నాయి. డచ్చివారి ఆసుపత్రి ఇప్పటికే దుకాణాల సముదాయం. ప్రాకారం మీద నడకకు మాత్రం టికెట్ లేదు. సాయంత్రం అక్కడ పర్యాటకులతో పాటు స్థానికులూ కనిపిస్తారు.