మజిలీలు కట్టిన దారి

చెన్నై నుంచి కోల్‌కతా దాకా పోయే పదహారో నంబరు జాతీయ రహదారిని అందరూ కోస్తా రోడ్డనే అంటారు గానీ, దాని మీద కారులో బయల్దేరిన దంపతులకు తెలుగునేల మీద సముద్రం కనిపించేది అరుదు. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, రాజమండ్రి అంటూ దారి ఊళ్ళ మీదుగా పోతుందే తప్ప అలల పక్కన పోదు. దీనికి కారణం ఇంజనీర్ల పొరపాటు కాదు, నదులు. గోదావరి ధవళేశ్వరం దగ్గర పాయలుగా విడిపోతుంది. ఒడ్డు పట్టుకుని పోదామనుకున్న బాటసారి గౌతమి దాటాలి, వైనతేయ దాటాలి, వసిష్ఠ దాటాలి. ఆ తర్వాత ఉప్పుటేరు, మడ అడవులు, పర్ర భూములు, తాగడానికి పనికిరాని నీళ్ళు. అదే పాయలు విడిపోకముందు రాజమండ్రి దాకా పైకొస్తే ఒక్క రేవుతో పని తీరిపోతుంది. కృష్ణ కూడా బెజవాడ దగ్గర ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ ఇరుకైన చోట దొరుకుతుంది. అంటే ఈ దారిని ఏ రాజూ, ఏ కంపెనీ దొరా గీత గీసి వేయలేదు. ఏరు దాటడానికి వీలైన చోటు, మంచినీళ్ళు దొరికే చోటు, రాత్రికి తలదాచుకోనిచ్చే చోటు: ఈ మూడూ కలిసిన మజిలీలను ఒకదానికొకటి కలిపితే పడిన గీతే మన కోస్తా దారి. మజిలీ ముందు, దారి తర్వాత. మన రోడ్ల చరిత్రలు చాలావరకు ఈ వరసను తలకిందులు చేసి చెబుతాయని నా ఫిర్యాదు.

ఈ వరస చాలా పాతది. విశాఖ నుంచి భీమిలి పోయే దారి పక్కన కొండ మీద తొట్లకొండ బౌద్ధవిహారం శిథిలాలున్నాయి. పేరు తెచ్చిపెట్టినవి అక్కడ రాతిలో తొలిచిన నీటి తొట్లు. వాటితో పాటు భిక్షువుల గదులు, భోజనశాల కూడా తవ్వకాల్లో బయటపడ్డాయి. కింద సముద్రం, పైన నీళ్ళు, అన్నం, పడక. దూరదేశాల నుంచి వచ్చినవాళ్ళు వానాకాలమంతా నిలిచిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ కళింగ, ఆంధ్ర దేశాలు తిరిగి ధాన్యకటకం చేరి, అక్కడ నెలల తరబడి ఆగి చదువుకున్నాడు. ఆయన ప్రయాణంలో నడక ఎంత భాగమో ఆగడం కూడా అంత భాగమే.

అయితే దారి సంగతులు రోజువారీగా రాసిపెట్టిన మన మనిషి కోసం పంతొమ్మిదో శతాబ్దం దాకా ఆగాలి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. వెంట దాదాపు వందమంది పరివారం. పోయేటప్పుడు కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా లోపలి దారి పట్టాడు. వచ్చేటప్పుడు కలకత్తా, పూరీ చూసుకుని గంజాం, శ్రీకాకుళం, విశాఖ, రాజమండ్రి, నెల్లూరు మీదుగా కోస్తా దారిన దిగాడు. దారి విశేషాలను మద్రాసులోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు ఎప్పటికప్పుడు రాశాడు. ఆ రాతలే ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయ్యాయి. 1941లో దిగవల్లి వేంకటశివరావు వాటిని పరిష్కరించి, వివరణలతో మళ్ళీ వెలువరించాడు. ఈ పుస్తకాన్ని తెలుగులో మొదటి యాత్రాచరిత్రల్లో ఒకటిగా మెచ్చుకుంటారు గానీ, అందులో వర్ణనల కన్నా విలువైనది దాని విసుగు పుట్టించే భాగం. ఏ ఊరు ఎంత దూరం, దారి ఇసుకా రేగడా, బావిలో నీళ్ళు మంచివేనా, అంగళ్ళలో సరుకు దొరుకుతుందా, డేరాలు వేసుకోవడానికి తోపుందా, సత్రం ఉందా అన్నవే పుటల నిండా. సాహిత్యం కోసం చదివేవాళ్ళు ఇలాంటి పుటలు తిప్పేస్తారు. చరిత్ర కోసం చదివేవాళ్ళు అక్కడే ఆగాలి. ఒక చదువుకున్న మనిషి, దొరల కొలువులో ఉన్నవాడు, డబ్బుకు లోటు లేనివాడు, రోడ్డు ఎలా ఉందన్నదాని కన్నా ఆగేచోటు ఎలా ఉందన్నదే ఎక్కువ పట్టించుకున్నాడు. మధిర సుబ్బన్న దీక్షితులు తన కథలకు ‘కాశీ మజిలీ కథలు’ అని పేరు పెట్టి, కాశీకి పోయే గురువు ప్రతి మజిలీలోనూ శిష్యుడికి ఒక కథ చెప్పేలా అల్లడం కూడా ఇందుకు సాక్ష్యమే. నడిచేటప్పుడు కథ సాగదు, దిగినచోట సాగుతుంది.

మజిలీ ఊరికే పుట్టదు, దాన్ని ఎవరో నిలబెట్టాలి. సత్రానికి ఎవరో జమీందారో వ్యాపారో భూమి రాసిచ్చేవాడు. ఆ శిస్తు మీద వంటవాడి జీతం, బియ్యం, నూనె నడిచేవి. వండుకునేవాళ్ళకు సదావర్తి కింద బియ్యమూ పప్పూ కొలిచి ఇచ్చేవారు. ఎండల్లో చలివేంద్రం, అందులో మజ్జిగ. ఇంత ఏర్పాటు లేని చోట ఇంటిగడపే సత్రమయ్యేది. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా జోగన్నపంతులు, సీతమ్మ దంపతుల ఇల్లు అలాంటిది. గోదావరి పాయ దాటి వచ్చేవాళ్ళకు ఏ వేళలోనైనా అక్కడ అన్నం దొరికేది. సీతమ్మ 1841లో పుట్టి 1909లో పోయింది. ఆ కాలమంతా దారి ఆమె గుమ్మం ముందునుంచి పోయిందనే చెప్పాలి. గన్నవరం దగ్గర వైనతేయ మీద కాలవను దాటించే అక్విడక్టుకు ఇవాళ ఆమె పేరే ఉంది. దారిలో ఒక కట్టడానికి దాన్ని కట్టినవాడి పేరు కాకుండా అన్నం పెట్టిన మనిషి పేరు నిలవడం నా వాదానికి దొరికిన మంచి రుజువు.

ఇక్కడే గట్టి అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. ఆ సత్రాలు ఎవరికి? అన్నసత్రాల్లో చాలా వాటిల్లో పంక్తి బ్రాహ్మలకే. మిగతావాళ్ళకు అరుగో, చెట్టునీడో, చేతిలో పడే పిడికెడు బియ్యమో. అంటరానివాళ్ళన్న ముద్ర పడినవాళ్ళను బావి దగ్గరికే రానిచ్చేవారు కాదు. వీరాస్వామయ్యకు అనుకూలంగా తోచిన మజిలీ ఆయన మేనా మోసిన బోయీకి ఎలా తోచిందో ఆ పుస్తకం చెప్పదు. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేను. సీతమ్మ కులం అడగకుండా పెట్టిందని ఊరంతా చెప్పుకోవడమే, అడిగి పెట్టడం మామూలన్నదానికి సాక్ష్యం. కానీ దీంతో నా మాట వీగిపోదు, ఇంకా గట్టిపడుతుంది. దారి నిజంగా మట్టీ కంకరా అయితే అది అందరికీ ఒకటే కావాలి. ఒకే దారి ఒకరికి సుగమం, ఇంకొకరికి దుర్గమం అయిందంటే, తేడా మజిలీలోనే ఉంది. దేశాటన హక్కు చేజారేది రోడ్డు మీద కాదు, బావి గట్టు మీద.

రెండో అభ్యంతరం చరిత్రకారులది. కోస్తాకు అసలు దారి సముద్రమే కదా, నేల మీద నడక బీదల పాటు కదా అంటారు. మచిలీపట్నం, కోరంగి, భీమిలి, కళింగపట్నం రేవులు చూస్తే అదీ నిజమే. అయితే సముద్రపు దారి కూడా దిగేచోటు మీదే ఆధారపడింది. చీరాల దగ్గర మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం దీనికి తిరుగులేని సాక్ష్యం. తుఫానులో దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు లాక్కునేవారు. తాను అలా చేయననీ, సుంకం మాత్రమే తీసుకుంటాననీ గణపతిదేవుడు రాతి మీద రాయించాడు. అలలనూ గాలినీ ఆయన శాసించలేడు. దిగినవాడిని ఎలా చూస్తామన్నది మాత్రం ఆయన చేతిలో ఉంది. పరదేశి వర్తకుడు మోటుపల్లికి రావాలా వద్దా అన్నది దాంతోనే తేలుతుంది. సీతమ్మ గడప, గణపతిదేవుడి రాయి ఒకే పని చేశాయి. ఒకటి ఆకలికి హామీ ఇచ్చింది, ఇంకొకటి సొత్తుకు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం గుంటూరు కరువు. వీరాస్వామయ్య ఈ దారిన ఇంటికి పోయిన మరుసటేడాది, 1832లో వానలు తప్పాయి. 1833 గడిచేసరికి గుంటూరు సీమలో దాదాపు మూడోవంతు జనం చచ్చిపోయారని అంచనా. సత్రాలు బాటసారికి పూట గడిపాయి గానీ, ఒక సీమ ఆకలికి కావలసినన్ని ధాన్యం బస్తాలు చేర్చే దారి లేకపోయింది. మజిలీల గురించి ఎంత ముచ్చటగా రాసినా ఈ శవాల ముందు ఆ ముచ్చట నిలవదు. ఆర్థర్ కాటన్ లాంటి ఇంజనీర్లు నీటిదారి కోసం పట్టుబట్టడానికి ఈ కరువు పెద్ద కారణం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలవలు పొలాలకు నీళ్ళతో పాటు పడవలనూ మోశాయి. కాకినాడ నుంచి ఏలూరు కాలవ మీదుగా బెజవాడకు, అక్కడి నుంచి కొమ్మమూరు కాలవలో పెదగంజాం చేరి, బకింగ్‌హాం కాలవలో మద్రాసుకు పడవలోనే పోగలిగేవారు. 1876-78 కరువులో కూలి కోసం వచ్చిన జనం చేత మద్రాసు నడిబొడ్డున ఆ కాలవ ముక్కలను కలిపించి, 1878లో గవర్నరు పేరు పెట్టారు. ప్రయాణికులకు ఇది బతికించిన దారే. అయితే పడవ ప్రయాణం కూడా మజిలీల ప్రయాణమే. లాకు దగ్గర ఆగాలి, గాలి పడిపోతే సరంగులు తాడు పట్టి లాగాలి, పొద్దుపోతే గట్టు మీద పొయ్యి రాజెయ్యాలి. దారి మెరుగైనా ఆగడం పోలేదు. ధాన్యానికి దారి కావాలన్న ఇంజనీర్ల మాట నిజం. మనిషి దారి వేరే లెక్కలో నడుస్తుందన్నదే నేను చెబుతున్నది.

ఆ లెక్కను మార్చింది రైలు. 1900 ఆగస్టులో రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన మీద రైలు గోదావరి దాటాక, నెలల ప్రయాణం రోజుల్లోకి కుదించుకుపోయింది. సత్రాలు కాలిబాట వదిలి స్టేషను ఎదురుకు వలసపోయాయి, పోలేనివి పాడుపడ్డాయి. రోడ్డును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. బెజవాడలో ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయి బండ్లను దాటించింది. రాజమండ్రిలో రోడ్డు వంతెన 1974లో గానీ రాలేదు. అంటే రైలు దాటాక డెబ్భైనాలుగేళ్ళపాటు, అక్కడ కారున్నవాడు కూడా గోదావరి ఒడ్డున ఆగి ఎలా దాటాలా అని చూడవలసిందే. ఆఖరి మజిలీలు మన తాతల కాలం దాకా బతికి ఉండటానికి వంతెన లేకపోవడమే కారణమంటే వింతగా ఉంటుంది గానీ, అదే జరిగింది. ఆ తర్వాత నాలుగు వరసల రోడ్డు వచ్చింది, ఊళ్ళను పక్కకు నెట్టి బైపాసులు వచ్చాయి. ఏలూరు చూడకుండా, రాజమండ్రిలో ఎవరినీ పలకరించకుండా విజయవాడ నుంచి విశాఖ చేరడం ఇప్పుడు తేలిక, మామూలు కూడా.

వేగం వల్ల పోయింది ఏమీ లేదని వాదించేవాళ్ళున్నారు. ముసలి తల్లిని ఆస్పత్రికి తీసుకుపోయేవాడికీ, రొయ్యల లారీ నడిపేవాడికీ బైపాసు వరమే. వాళ్ళ మాట కాదనను. కానీ చూడటానికే బయల్దేరినవాళ్ళ సంగతి వేరు. డిక్కీలో గుడారం వేసుకుని, విశాఖలో ఒక స్నేహితుడింట్లో, చీరాలలో ఇంకొకరింట్లో దిగుతూ పోయే నేటి కుర్ర దంపతులు తెలియకుండానే వీరాస్వామయ్య పద్ధతికి తిరిగి వస్తున్నారు. డేరా ఉంది, మిత్రులున్నారు, ఊళ్ళున్నాయి. లేనిది నడుమ ఆగేచోటు. కత్తిపూడి నుంచి కాకినాడ, మచిలీపట్నం, బాపట్ల మీదుగా ఒంగోలుకు పోయే 216వ నంబరు రహదారి ఇప్పుడు నిజంగా ఒడ్డుకు దగ్గరగా పోతుంది. మన పూర్వులు దాటడానికి భయపడిన పాయలన్నీ దాని మీద వంతెనలతో లొంగిపోయాయి. దాని పక్కన ఎవరైనా గుడారం వేసుకునే తోపు, మంచినీటి కుళాయి, ఆడవాళ్ళు రాత్రివేళ భయం లేకుండా వాడుకోగల మరుగుదొడ్డి ఊరికొకటి ఏర్పాటు చేయడం వంతెనల ఖర్చులో లెక్కకు రాని మొత్తం. తీరప్రాంత పర్యాటకమంటూ రిసార్టులకు స్థలాలు కేటాయించే పెద్దలు ముందు ఈ పని చేయాలి, ఈసారి కులం అడగని విధంగా చేయాలి. ఈలోగా ఆ దారిన బయల్దేరే దంపతులు దిగవల్లివారి ప్రతిలో తిరుగు ప్రయాణం భాగం సంపాదించి చదువుకుని వెళ్ళండి. వీరాస్వామయ్య నీళ్ళు బాగున్నాయన్న ఊళ్ళలో ఒక్కదాంట్లోనైనా బండి ఆపండి.